గాడిద దగ్గర కాపలా

పాత ఆటపెట్టె ఆరోగ్యం తెలుసుకోవాలంటే మూత తీయక్కర్లేదు. మూతను రెండు చేతులతో పట్టుకుని పైకి లేపితే చాలు. మంచి పెట్టె అయితే అడుగుభాగం వెంటనే పడిపోదు. లోపలి గాలి సన్నగా బయటికి పోతుంటే తానూ నింపాదిగా జారుతుంది, నిద్రలో ఊపిరి వదిలినట్టు చిన్న చప్పుడు చేస్తుంది. మూలలు చిరిగిన పెట్టె టప్పున పడుతుంది. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరో ఆ పెట్టెను మంచం కిందికి కాలితో తోసిన రకం అని తెలిసిపోతుంది.

పందొమ్మిదేళ్లుగా నాది ఇదే పని. మార్చి మొదటి శనివారం ఎల్క్‌హార్న్ ఊళ్లో జాతర మైదానంలోని హాల్లో పాత ఆటల వేలం జరుగుతుంది. వేలానికి ముందు వెనక గదిలో కూర్చుని, వచ్చిన ప్రతి పెట్టెనూ తెరిచి, లోపల ఉండాల్సినవి ఉన్నాయో లేదో చూసి చీటీ రాస్తాను. పుస్తకాలు రెండు, పటం ఒకటి, పాచికలు ఆరు, పాచికల మీది అంకెల్లో రంగు నింపుకోవడానికి మైనపు పెన్సిలు ఒకటి. అన్నీ ఉంటే ‘అన్నీ ఉన్నాయి’ అని రాస్తాను, లేకపోతే ఏది లేదో రాస్తాను. మిగతా రోజుల్లో జేన్స్‌విల్‌లో బడి బస్సు నడుపుతాను. నా పేరు నోరీన్. పెళ్లయింది, పదకొండేళ్లకు అది కాస్తా అయిపోయింది. పిల్లలు లేరు.

ఈ ఆట తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఒకరు సూత్రధారిగా కూర్చుంటారు. మిగతావాళ్లు తలా ఒక వేషం కడతారు, ఒకడు వీరుడు, ఒకడు మాంత్రికుడు, ఒకతె దొంగ. వేషమంటే బట్టలు కాదు, కాగితం మీద పేరు, నాలుగు అంకెలు, అంతే. సూత్రధారి కథ మొదలుపెడతాడు. మీరు ఒక గుహ ముందున్నారు, లోపలినుంచి చల్లగాలి వస్తోంది అంటాడు. అని, నీవైపు తిరిగి ‘ఏం చేస్తావు?’ అని అడుగుతాడు. నువ్వేం చెబితే కథ అటు పోతుంది. ఆటంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఇంట్లోగానీ బళ్లోగానీ ఆ ప్రశ్న ఎవరూ అడగని పిల్లలకు ఈ ఆట అంటే ఎందుకంత పిచ్చో వేరే చెప్పాలా.

పెట్టె మూత మీద పెద్ద అక్షరాలతో, కావలసినవన్నీ ఇందులోనే ఉన్నాయి అని ఉంటుంది. కింద మూల చీమతలకాయంత అక్షరాలతో, ముగ్గురు లేక అంతకంటే ఎక్కువమంది ఆడవచ్చు అని ఉంటుంది. నేను ఇప్పటికి కొన్ని వేల పెట్టెలు తెరిచాను. ఆ ముగ్గురు ఏ పెట్టెలోనూ లేరు.

మా ఇంట్లోనూ నాలుగు పెట్టెలున్నాయి. ఆదివారం మధ్యాహ్నాలు ఒకటి తీసి, పటం పరిచి, పాచికల్లో రంగు నింపి, ముగ్గురికీ వేషాలు నేనే రాస్తాను. ఏం చేస్తావు అని నేనే అడిగి, నేనే జవాబు చెబుతాను. పది నిమిషాలకు మూత పెట్టేస్తాను. చక్కిలిగింతలు ఎవరికి వాళ్లు పెట్టుకుంటే నవ్వొస్తుందా.

పెట్టెలో పుస్తకాలు రెండన్నానుగా. మొదటిది అందరికీ. రెండోది సూత్రధారికి మాత్రమే. ఏ తలుపు వెనక ఏముందో, ఏ రాయి కదులుతుందో అన్నీ అందులో ఉంటాయి. ఆడేవాళ్లు ఇక్కడితో ఆగాలి అని దాని మొదటి పేజీలోనే ఉంటుంది. చీటీ రాయాలంటే అందులో పేజీలు కూడా లెక్కపెట్టాలి. నేను దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, మూలలు వేలితో లాగుతూ లెక్కపెడతాను. అక్షరం కంటబడనివ్వను.

వేలం నడిపే మర్విన్‌కు ఇది ఏటేటా వినోదం.

"ఏంటి నోరీనమ్మా, తిరగేస్తే పాము కరుస్తుందా?"

"కరిచింది ఒకసారి. నీ పని చూసుకో."

వాడు నవ్వుతాడు. నేను నిజమే చెప్పానని వాడికి తెలియదు.

అప్పుడు మేం ఈ ఎల్క్‌హార్న్‌లోనే ఉండేవాళ్లం. నాకు పదమూడేళ్లు. లైల్ నాకంటే రెండేళ్లు పెద్దవాడు, ఆ ఏడాదే హైస్కూల్లో చేరాడు. వాళ్లింటి కింద నేలమాళిగలో, బట్టలుతికే మిషను పక్కన, ఒక మడతబల్ల వేసుకుని ప్రతి శనివారం ఆడేవాళ్లం. పెట్టె లైల్‌ది, సూత్రధారీ వాడే. వాడి పక్కన డ్వైట్ కూర్చునేవాడు, వాడు వీరుడు. లైల్‌కు ఎదురుగా నేను, దొంగ వేషం. నా దొంగ పేరు టాన్సీ. నా ఎత్తు చూసి లైల్ నన్ను పొట్టీ అని పిలిచేవాడు. ఇంకెవరైనా అలా పిలిస్తే చెంప పగిలేది.

మాకు ఒక కంచరగాడిద కూడా ఉండేది. డ్వైట్ ఎక్కడో సంపాదించిన సీసపు బొమ్మ, బొటనవేలంత ఉంటుంది, వీపుమీద రెండు మూటలు. మూటలు మోయడానికి గాడిద కావాలి, గాడిద నేలమాళిగల్లోకి దిగదు, కాబట్టి ఎవరో ఒకరు పైన దాని దగ్గర ఉండాలి. అందుకే మాలో ఎవరికైనా జ్వరమొచ్చి ఆటకు రాకపోతే, వాళ్ల వేషం గాడిద దగ్గర కాపలా ఉందని రాసుకునేవాళ్లం. అలా ఉంటే చావదు, మళ్లీ వచ్చాక కలిసిపోవచ్చు. ఇది పుస్తకంలో ఉన్న నియమం కాదు, మాది.

ఎనభై ఐదు ఫిబ్రవరి పదహారున, ఆట మధ్యలో లైల్ వాళ్లమ్మ తిండికి పిలిచింది. సూపు గిన్నెలు మోయడానికి లైల్ పైకి వెళ్లాడు, ఇంటికి ఫోను చేసుకోవాలని డ్వైట్ కూడా వెళ్లాడు. నేను, పెట్టె మిగిలాం. ఎందుకు చేశానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. నాకు ఆ ఊరు, ఆ శనివారం, ఆ బల్ల తప్ప ఇంకేమీ లేవు. వాటిలో నాకు తెలియనిది ఒక్కటి కూడా ఉండకూడదనిపించింది కాబోలు. మూత తీశాను. రెండో పుస్తకంలో మేం ఆగిన చోటు వెతికి పట్టుకున్నాను. రాతిమెట్లు కిందికి దిగుతాయి, మూడో మెట్టు కదులుతుంది, కాలు పెడితే పడిపోతారు అని ఉంది. ఆ వాక్యం చదివానో లేదో పైన తలుపు చప్పుడైంది. టక్కున మూసేశాను.

సూపు తాగి మళ్లీ కూర్చున్నాం.

"ముందు రాతిమెట్లున్నాయి. కిందికి పోతున్నాయి" అన్నాడు లైల్. "పొట్టీ, ఏం చేస్తావు?"

"మూడో మెట్టు దాటేసి కాలు పెడతాను" అన్నాను నేను, మహా తెలివిగా.

మెట్టు సంగతి అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. లైల్ పుస్తకం మూశాడు. తర్వాత సరిగ్గా నావైపే చూస్తూ అన్నాడు.

"ఈ బల్ల దగ్గర ఎవరో రెండో పుస్తకం చదివారు. చదివినవాళ్లు ఇక్కడ కూర్చోడమెందుకు? ఇంటికెళ్లి పుస్తకమే చదువుకోవచ్చు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను లేచి నిలబడ్డాను. అమ్మ తొందరగా రమ్మందని ఏదో గొణిగి, కోటు తగిలించుకుని, మంచులో ఇంటిదాకా పరుగెత్తాను. ఇంటికొచ్చి పిడికిలి విప్పితే అందులో గాడిద ఉంది. ఇప్పుడు పుస్తకం దొంగనే కాదు, గాడిద దొంగను కూడా.

లైల్ రెండుసార్లు ఫోను చేశాడు. లేనని చెప్పమన్నాను అమ్మతో. తిట్టడానికి చేశాడనుకున్నాను, గాడిదను అడగడానికి చేశాడనుకున్నాను. మూడోసారి చేయలేదు. జూన్‌లో అమ్మకు జేన్స్‌విల్‌లో పని దొరికి ఊరు మారిపోయాం. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పెరిగాను. ఆ తర్వాత ఇంకొకరి బల్ల దగ్గర ఎప్పుడూ కూర్చోలేదు. ఎవరో పిలిచారు కూడా, కాలేజీలో ఒకసారి, బస్సు డిపోలో ఒకసారి. నాకు రాదని చెప్పాను.

ఎల్క్‌హార్న్‌కు ఏటా వస్తాను. కానీ లైల్ వాళ్ల వీధి మీదుగా రాను, రెండు మైళ్లు చుట్టు తిరిగి వస్తాను. గాడిద మాత్రం కోటు జేబులోనే ఉంటుంది. దారిలో లైల్ ఎదురైతే దాన్ని చేతిలో పెట్టి వెళ్లిపోవాలని అనుకుంటాను, ఎదురవకుండా దారి మార్చుకుంటాను. నా తెలివి అలాంటిది.

ఈ ఏడు వేలం రోజు పొద్దున ఎనిమిదింటికి, పాతికేళ్ల అమ్మాయి ఒకతె పెట్టె చంకలో పెట్టుకుని గదిలోకి వచ్చింది. బూట్ల మంచు దులుపుకుంటూ ఫారం ముందు పెట్టింది. కారిన్ అని ఉంది, ఇంటిపేరు నాకు తెలియనిది.

"ఇది మా నాన్నదండీ. మీరు అన్నీ చూసి రాస్తారట కదా."

"రాస్తాను. అక్కడ పెట్టు."

మూత పట్టుకుని లేపాను. నాలుగు మూలలకూ లోపలివైపు గుడ్డపట్టీలు అతికించి ఉన్నాయి, అడుగుభాగం నింపాదిగా జారింది. ఎవరో బాగా చూసుకున్న పెట్టె. పాచికలు చేతిలోకి తీసుకున్నాను. ఐదింటికి అంకెలు నల్లగా ఉన్నాయి. ఇరవై ముఖాల పాచిక అంకెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. అప్పట్లో నల్ల పెన్సిలు అరిగిపోతే, మా చెల్లెలి రంగుపెన్సిళ్ల డబ్బాలోంచి ఆకుపచ్చది నేనే కొట్టుకొచ్చి నింపాను. పద్నాలుగులో నాలుగు గీత తప్పి బయటికి వచ్చింది. అదీ అలాగే ఉంది.

ఇది లైల్ పెట్టె. ఏమీ జరగనట్టు పుస్తకాలు బల్ల మీద పెట్టాను, రెండోది బోర్లా. పటం పెట్టాను. వాటి కింద ఇంకా బోలెడు కాగితాలున్నాయి, గళ్ల కాగితాలు, దారంతో కట్టినవి.

"అవి మామూలు రాతలండీ, నాన్నవి" అంది కారిన్. "పారేస్తారా, వెనక్కిస్తారా?"

రాతకాగితాలు వేలంలో పెట్టకూడదు. తెచ్చినవాళ్లకు వద్దంటే చెత్తడబ్బాలో వేయాలి. పందొమ్మిదేళ్లలో ఎంతమంది పిల్లల వేషాలను అలా డబ్బాలో వేశానో.

"మీ నాన్న రాలేదా?" అన్నాను.

"బయట బండిలో ఉన్నాడండీ. చూడలేనన్నాడు. పోయిన శరదృతువులో ఇంటి కప్పు వేస్తూ పైనుంచి పడ్డాడు, తుంటి విరిగింది, మెట్లు దిగలేడు. ఆయన ఆటబల్లేమో నేలమాళిగలో ఉంది. వచ్చే వారం డులూత్ తీసుకెళ్లిపోతున్నా, మా ఇంట్లో ఉంటాడు. ఆడేవాళ్లు ఎవరూ లేరు, ఇంకెవరైనా ఆడుకోనీ అన్నాడు."

ఆ మాట చెప్పి, కాఫీ తెచ్చుకుంటానని అవతలికి వెళ్లింది. నేను దారం విప్పాను. చదవొచ్చా అని నన్ను నేను అడిగాను. ఇది రెండో పుస్తకం కాదుగా అనుకున్నాను.

అది ఆటల చిట్టా. లైల్ చేతిరాత, చిన్నచిన్న నిలువు అక్షరాలు. ఏ శనివారం ఎవరొచ్చారు, ఏం జరిగింది, ఎవరి వాటాకు ఏమొచ్చింది, అన్నీ ఉన్నాయి. నేను ఫిబ్రవరి పదహారు వెతికాను. దొరికింది.

‘పొట్టిది మధ్యలో వెళ్లిపోయింది. తర్వాత డ్వైట్ ఒప్పుకున్నాడు. రెండో పుస్తకం వాడే చదివాడట, మెట్టు సంగతి వాడే పొట్టిదానికి చెప్పాడట. శిక్ష: నెల రోజులు దివిటీ వాడే మోయాలి. రేపు ఫోను చేసి పొట్టిదాన్ని రమ్మని చెప్పాలి.’

నేను ఆ వాక్యాలను నాలుగైదుసార్లు చదివాను. డ్వైట్ ఆ పుస్తకం ముట్టుకోలేదు. నాకేమీ చెప్పలేదు. బల్ల అవతలనుంచి నా మొహం చూసి ఉంటాడు. పదిహేనేళ్ల కుర్రవాడు, ఎప్పుడూ ముక్కు ఎగబీలుస్తూ ఉండేవాడు, నేను మళ్లీ రావాలని తప్పు తన మీద వేసుకున్నాడు. లైల్ ఫోను చేసింది ఆ మాట చెప్పడానికి. నేనేమో లేనని చెప్పించాను.

మార్చి రెండు. ‘పొట్టిది రాలేదు, గాడిదా కనబడలేదు. డ్వైట్ అంటాడు, ఇద్దరూ కలిసే ఉన్నారన్నమాట అని. టాన్సీ గాడిద దగ్గర కాపలా.’

మార్చి తొమ్మిది. ‘టాన్సీ గాడిద దగ్గర కాపలా. ఆమె వాటా: పట్టుతాడు, నీలం టోపీ.’

తిప్పాను. ఎనభై ఆరు. ఎనభై తొమ్మిది. మధ్యలో వేరే పేర్లు వచ్చాయి, పీట్ అని ఒకడు, రోజర్ అని ఒకడు. వచ్చారు, పోయారు. ఆటలు వారానికొకటి కాస్తా నెలకొకటి అయ్యాయి, తర్వాత ఏడాదికి నాలుగైనాయి. కారిన్ పుట్టిన వారం ఆట లేదు. అన్ని చోట్లా అడుగున అదే వరస. టాన్సీ గాడిద దగ్గర కాపలా. ఆమె వాటా: వెండి ఈల. ఆమె వాటా: సగం తేనెజాడీ, మిగతా సగం డ్వైట్ తాగేశాడు. ఆమె వాటా: కుంటి కుక్కపిల్ల, గాడిదకు తోడుగా ఉంటుందని.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మొదట నామీద, తర్వాత వాళ్లిద్దరిమీద. రెండుసార్లు ఫోను చేసి ఊరుకుంటారా ఎవరైనా? ఇన్నేళ్లు కాగితం మీద నాకు కుక్కపిల్లను ఇచ్చేబదులు, గంట కూడా పట్టని ఊరికి బండెక్కి రావచ్చుగా? ఆ గంట దూరం నాకు మాత్రం ఎక్కువైందా అని వెంటనే నాకే అనిపించింది, ఇంక కోపం ఎవరిమీద పెట్టుకోవాలో తెలియలేదు. నేను బస్సు నడిపిన ప్రతి ఏడూ, విడాకుల కాగితాల మీద సంతకం చేసిన ఏడు కూడా, ఎవరో ఇద్దరు మగవాళ్లు ఒక నేలమాళిగలో కూర్చుని నా వాటా పక్కన పెట్టారు. నాకు ఎవరూ లేరనుకుంటూ నేను ఆదివారాలు పాచికల్లో రంగులు నింపుకున్నాను.

ఆఖరి కాగితం మీద తేదీ రెండేళ్ల కిందటిది. అక్షరాలు కొంచెం వంకరపోయాయి.

‘డ్వైట్ మంగళవారం పోయాడు. ఇక నేనొక్కడినే. డ్వైట్ గాడిద దగ్గరికి వెళ్లాడు. టాన్సీకి ఇక ఒంటరిగా ఉండదు.’

మర్విన్ తలుపులోంచి తల పెట్టాడు.

"నోరీనమ్మా, ఆ పెట్టెకు చీటీ అయిందా? బల్ల మీద పెట్టేయాలి."

"కాలేదు."

"ఏం తక్కువైంది?"

"గాడిద."

"గాడిదా? ఆ పెట్టెలో గాడిద ఎప్పుడుంది?"

"నీకు తెలియదులే. ఇది వేలానికి పోదు, పో" అన్నాను. నా మొహం చూసి వాడు ఇంకేమీ అనకుండా వెళ్లాడు. పందొమ్మిదేళ్లలో వాడు మాటకు మాట చెప్పకుండా పోవడం అదే మొదలు.

కాగితాలు మళ్లీ దారంతో కట్టాను. అన్నీ పెట్టెలో సర్దాను, మూత పెట్టాను. అప్పటికి కారిన్ కాఫీతో వచ్చింది.

"అయిందా అండీ?"

"మీ నాన్న బండి ఏది?"

"ఎరుపుది, చివర్లో ఉంది. ఏమైందండీ, ఏమైనా తేడానా?"

"తేడానే" అన్నాను. "నువ్వు కాఫీ తాగు, నేను వెళ్లి మాట్లాడొస్తాను."

హాలు తలుపు నుంచి ఆ బండిదాకా అరవై అడుగులుంటాయి. అవి నడవడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను. రెండుసార్లు ఆగాను. ఒకసారి వెనక్కి తిరిగాను కూడా. రెండో పుస్తకం నేనే చదివానని చెబితే డ్వైట్ అబద్ధం బయటపడుతుంది, చచ్చిపోయినవాడు నాకోసం దాచింది నేనే పాడుచేసినట్టవుతుంది. చెప్పకపోతే మళ్లీ దొంగనే. చివరికి చలికి నడిచాను, ధైర్యంతో కాదు.

బండి అద్దం పూర్తిగా దించి ఉంది. లోపల బట్టతల, నెరిసిన గడ్డం, ఒళ్లో చేతికర్ర. నేను ఆ మనిషిని దారిలో చూస్తే పోల్చుకునేదాన్ని కాదు. ఆయన పెట్టెను చూశాడు, నన్ను చూడలేదు.

"ఏమ్మా, ఏదైనా తక్కువైందా? పెన్సిలైతే ఎప్పుడో పోయింది, ముందే చెప్పమన్నాను మా అమ్మాయితో."

నేను జేబులోంచి గాడిదను తీసి కిటికీ అంచు మీద నిలబెట్టాను. ఒక కాలు కొంచెం వంగింది, మూటల మీది రంగు పూర్తిగా పోయింది, ముప్పై ఎనిమిదేళ్లు జేబులో తిరిగిందిగా. ఆయన దానివైపు చాలాసేపు చూశాడు. తర్వాత నా కోటు గుండీల మీదుగా మెల్లగా పైకి చూస్తూ వచ్చాడు. పైకి చూడటానికి ఎక్కువ దూరమేమీ లేదు.

"పొట్టీ" అన్నాడు.

"ఊఁ."

"ఎక్కు లోపలికి. చలి."

అటువైపు తలుపు తీసుకుని ఎక్కాను. పెట్టె ఇద్దరి మధ్యా పెట్టాను. వేడిగాలి మొహానికి కొడుతోంది. ఇద్దరం ముందు అద్దంలోంచి గడ్డకట్టిన మైదానాన్ని చూస్తూ కూర్చున్నాం.

"రెండో పుస్తకం చదివింది డ్వైట్ కాదు" అన్నాను. "నేను. మీరు సూపుకు వెళ్లినప్పుడు. వాడు నాకేం చెప్పలేదు."

లైల్ తల తిప్పాడు.

"వాడు చదవలేదా?"

"చదవలేదు."

"నెలరోజులు దివిటీ మోయించాను వాడి చేత."

"చూశాను, రాసి ఉంది."

"నెలరోజులతో ఎక్కడ పోయింది. ముప్పై ఏళ్లు ఏడిపించాను దానికి. ఎక్కడ మెట్టు కనబడ్డా, పండితులవారు ముందు నడవాలి, తమరు చదివారుగా అనేవాణ్ణి. వాడి పెళ్లిలో కూడా అన్నాను, అందరిముందూ." చేతికర్ర మీద వేళ్లు బిగిశాయి. "నవ్వేవాడు. చచ్చేదాకా చెప్పలేదు, వెధవ."

"నాకోసం చెప్పలేదు."

"నీకోసమే మరి. నువ్వెక్కడ? రెండుసార్లు చేశాను ఫోను."

"మూడోసారి చేయాల్సింది."

"చేయాల్సింది" అన్నాడు లైల్. "మీ అమ్మంటే భయం నాకు."

నాకు నవ్వొచ్చింది, దాంతోపాటే అప్పటిదాకా రాని ఏడుపూ వచ్చింది. కోటు చేత్తో మొహం తుడుచుకున్నాను. ఆయన కళ్లు కూడా బాగాలేవు. ఎవరం ఎవరివైపూ చూసుకోలేదు. డ్వైట్ ఉంటే ముక్కు ఎగబీల్చి ఏదో ఒక చెత్త జోకు వేసేవాడు. వాడికి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది నేను. ఇప్పుడు చెప్పేందుకు ఎవరూ లేరు. ఇది నాతోనే ఉంటుంది, గాడిదను దించినంత తేలిగ్గా దీన్ని దించలేను.

"వేలానికి పంపకు దీన్ని" అన్నాను.

"ఎవరాడతారు దీన్ని? ఇద్దరితో ఆట కాదని మూత మీదే ఉంది."

"మూత మీద అన్నీ ఉన్నాయని కూడా ఉంది."

లైల్ గాడిదను కిటికీ అంచు మీంచి తీసి, వంగిన కాలును బొటనవేలితో సరిచేసి, స్టీరింగు ముందు నిలబెట్టాడు. తర్వాత మూతను రెండు చేతులతో పట్టుకుని లేపాడు. అడుగుభాగం నా ఒళ్లోకి నింపాదిగా జారింది. రెండో పుస్తకం తీసి, నాకు కనబడకుండా చేతికర్ర మీద ఆనించి, పేజీ వెతికాడు. ఆ గొంతు మాత్రం మారలేదు, మడతబల్ల దగ్గరిదే.

"గాడిదను పైన చెట్టుకు కట్టేశావు. డ్వైట్ దాని దగ్గర ఉన్నాడు, భయం లేదు. నువ్వు మూడో మెట్టు దాటి కాలు పెట్టావు. కింద చీకటి. పొట్టీ, ఏం చేస్తావు?"

"నాకు తెలియదు లైల్" అన్నాను. "అక్కడిదాకే చదివాను."